నేరేడు, వెనక మిరియం

శనివారం సాయంత్రం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, జోయల్ వంటింటి వెనక గదిలో కూర్చుని ఒక గ్లాసు రెడ్ వైన్ తీసుకునేవాడు. ఒక్కటే గ్లాసు. దాన్ని తాగడం అనడానికి అతనికి మనసొప్పేది కాదు. రుచి చూడడం అనేవాడు. అతని భార్య రూతు మాత్రం తాగుడనే అనేది.

రుచి చూడడం అన్న మాట అతనికి పనిలోంచి వచ్చింది. చిత్తూరు రోడ్డులో ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం రుచి చూడడమే. సీజన్లో బెంగుళూరా కాయలు లారీల్లో దిగుతాయి. మాగిన కాయ కోసి, వాసన చూసి, ఇది ఈ రోజు మిషన్లోకి పోవచ్చు, ఇది రేపటిదాకా ఆగాలి అని చెప్పాలి. ఉడికిన గుజ్జును చెంచాతో నాలుక మీద వేసుకుని, పులుపు ఎంతుందో, అడుగంటిన వాసన ఎక్కడైనా తగులుతోందో చెప్పాలి. సీజన్ అయిపోతే మిగతా ఏడాదంతా ఆ నాలుకకు పని ఉండదు.

కొన్నేళ్ళ కిందట నాసిక్ నుంచి వచ్చిన కెమిస్టు ఒకాయన, సీజన్ ముగించుకుని పోతూ, గదిలో మిగిలిన సగం సీసా జోయల్ చేతిలో పెట్టాడు. మామిడికి చేసినట్టే చెయ్యమన్నాడు, ముందు ముక్కు, ఆ తర్వాత నాలుక. మొదటిరోజు జోయల్ దాన్ని ఉమ్మేశాడు. పుల్లగా, వగరుగా, పచ్చి జామకాయ నమిలినట్టుంది. మూడోరోజు ఆ వగరు వెనక ఇంకేదో కదిలింది. అదేమిటో పేరు పెట్టేలోపు మాయమైపోయింది. సీసా ఖాళీ అయింది. అప్పటినుంచి అతను దానికోసం వెతుకుతూనే ఉన్నాడు.

వెతకడం అంత తేలిక కాలేదు. ఊరూరా వైన్స్ అని బోర్డులున్నాయి కానీ వాటిల్లో వైన్ తప్ప అన్నీ ఉండేవి. పూతలపట్టు క్రాసులోని అంగడిలో మొదటిసారి అడిగినప్పుడు కౌంటర్లో ఉన్న ధనశేఖర్ నవ్వాడు.

"రెడ్ వైనా? ఇంట్లో ఎవురికన్నా కాన్పయిందా అన్నా, బాలింతకు తాపేదానికా?"

"నాకేనప్పా."

"నీకా! అది ఎక్కదన్నా. ఆ డబ్బుకి బ్రాందీ రెండు క్వార్టర్లు వస్తాది."

"ఎక్కేదానికి కాదు."

"ఇంగ దేనికి?"

జోయల్ డబ్బు తీసి కౌంటరు మీద పెట్టాడు. ధనశేఖర్ పైఅర నుంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి దించి ఇచ్చాడు. ఎండ తగిలే చోట ఎన్నాళ్ళుందో, మూత తీయగానే పాత చింతపండు వాసన కొట్టింది.

తర్వాత కొనడం తిరుపతికి మార్చాడు. నెలకోసారి ఏదో ఒక పని పెట్టుకుని బస్సెక్కేవాడు. రేణిగుంట రోడ్డులోని అంగడిలో కింది అరలో, ఖరీదైన సీసాలకు దూరంగా, అతను కొనగలిగినవి నాలుగైదు రకాలుండేవి. పేపర్లో చుట్టి గుడ్డసంచిలో పెట్టుకుని తిరుగు బస్సులో కూర్చునేవాడు. బస్సు నిండా గుండ్లు, గంధం, లడ్డు కవర్లు. చంద్రగిరి దగ్గర ఒకసారి పక్కనున్న ముసలాయన, ఇతను సంచిని ఒళ్ళో అంత జాగ్రత్తగా పట్టుకోవడం చూసి, "ప్రసాదమా నాయనా?" అని అడిగాడు. జోయల్ తల అడ్డంగా ఊపి కిటికీలోంచి బయటికి చూశాడు.

వాటిల్లో చాలామటుకు అతన్ని నిరాశపరిచాయి. ఒకటి దగ్గుమందులా తియ్యగా ఉండి నాలుకకు పూత పూసినట్టు చేసింది. ఒకటి కొత్త చెప్పుల వాసన. ఎండాకాలంలో ఏది తెరిచినా స్పిరిట్ వాసన ముందు తగిలేది; ఫ్రిజ్‌లో పెడితే ఆ వాసన పోయేది, దానితోపాటు రుచీ పోయేది. స్టీలు గ్లాసులో వైన్ ఇనుములా ఉంటుందని తెలుసుకుని, చిత్తూరు బజార్లో పల్చటి గాజుగ్లాసు ఒకటి కొన్నాడు. పచ్చిపులుసు తిన్న నోటితో తాగితే వైన్ చచ్చిపోతుంది. వేయించిన శెనక్కాయలు దాన్ని చేదు చేస్తాయి. నాటుకోడి పులుసూ రాగిసంగటీ తిన్న తర్వాత మాత్రం, అంత చవక సీసా కూడా కొంచెం మర్యాదగా ఉంటుంది.

ఇదంతా చెప్పుకోవడానికి అతనికి మనిషి దొరకలేదు. ఫ్యాక్టరీలో తాగేవాళ్ళు తాగేవాళ్ళే, తాగనివాళ్ళు తాగనివాళ్ళే. ఒకసారి రూతు ముక్కు దగ్గర గ్లాసు పెట్టాడు.

"ఏం తగలతాంది చెప్పు."

"మందు వాసన."

"దాని ఎనక?"

"దాని ఎనక నా కర్మ తగలతాంది. తియ్యి అవతలికి. మునస్వామి వచ్చే యాళయింది, లోపల పెట్టు."

మునస్వామి రూతు చెల్లెలు కృపారాణి మొగుడు. ట్రాక్టరు తోలుతాడు. ఒకప్పుడు తోలిన కూలి తోలినట్టే ధనశేఖర్ అంగడికి పోయేది. కృపారాణి పుస్తెలతాడు కూడా ఆ దోవనే పోయింది. రెండేళ్ళ కిందట చర్చిలో అందరి ముందూ నిలబడి మానేస్తానన్నాడు, మానేశాడు. క్రాసుకు పోవాల్సి వస్తే ఆ అంగడి వైపు కాకుండా పెట్రోలు బంకు చుట్టూ తిరిగిపోతాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజనం, రొట్టే ద్రాక్షరసమూ పంచుతారు. ఆ రోజు అందరికంటే ముందు వచ్చి మొదటి వరసలో కూర్చుంటాడు. "ఒక నెల గెలిచినాను వదినా," అని రూతుతో చెప్పి నవ్వుతాడు. అతను ఇంటికొచ్చినప్పుడల్లా జోయల్ సీసాను బియ్యం డబ్బా వెనక పెట్టేవాడు.

ఆ భోజనపు బల్ల సర్దేది జోయలే. వాళ్ళ నాయన కాలం నుంచి అది వాళ్ళింటి పని. ముందురోజు రూతు నల్లద్రాక్ష ఉడికించి, పిండి, వడగట్టి, చక్కెర వేసి చల్లార్చేది. ఆ రసాన్ని చిన్న చిన్న గాజుగిన్నెల్లో పోసి, పళ్ళెంలో పెట్టి, పాస్టరు పక్కన నడుస్తూ అందించేది జోయల్. మత్తు లేని రసమే పోయాలన్నది ఆ సంఘం కట్టుబాటు. తాగుడుతో చితికిన ఇళ్ళు అక్కడ తక్కువేమీ కాదు.

పోయిన అక్టోబరులో తిరుపతిలో జోయల్‌కు ఒక సీసా దొరికింది. పేరు కొత్తది, ధర మామూలే. తెరిచి కాసేపు ఉంచి, గ్లాసులో పోసి వాసన చూశాడు. మాగిన నేరేడు. నోట్లో పెట్టుకుంటే మళ్ళీ నేరేడే, గింజ దగ్గరి వగరుతో సహా. మింగేశాక గొంతు వెనక మిరియం ఘాటు సన్నగా లేచి, అలాగే ఉండిపోయింది. నాసిక్ సీసాలో పేరు పెట్టలేకపోయింది ఇదే. "మే రూతూ, నేరేడు! ఎనక మిరియం!" అని వంటింట్లోకి కేకేశాడు. "కారానికి మిరియాలే లేవింట్లో, రొంత తెచ్చిపెట్టు," అంది ఆమె. మరుసటి నెల అలాంటిదే ఇంకొకటి తెచ్చి దాచుకున్నాడు.

డిసెంబరు మొదటి శనివారం రూతుకు జ్వరం. కీళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయింది. ద్రాక్ష తేలేదు. క్రాసుకు పోయి జ్యూసు డబ్బా కొనుక్కురావచ్చు. ఆ సంగతి అతనికి గుర్తుంది. చొక్కా కూడా వేసుకున్నాడు. మళ్ళీ విప్పి కొక్కేనికి తగిలించాడు. బియ్యం డబ్బా వెనక నుంచి సీసా తీసి, వెలుతురుకు పట్టి చూశాడు. ప్రభువు పోసింది మాత్రం ఉడికించిన రసమా అనుకున్నాడు. ఒక్కో మనిషికి చెంచాడు, దానితో ఎవరికి ఏమవుతుంది అనుకున్నాడు. నిజానికి ఇన్నేళ్ళలో మొదటిసారి, ఊరంతా తనతోపాటు ఒక రుచి చూడబోతోందన్న ఆశ అతన్ని ఊపేసింది. మునస్వామి ఆ ఆలోచనలోకి రాలేదు.

ఆదివారం పళ్ళెం పట్టుకుని మోకరించినవాళ్ళ ముందు నడుస్తూ అతను ముఖాలు చూశాడు. ముసలమ్మలు మొహం చిట్లించారు. "రసం పులిసినట్టుండాదే," అని ఒకామె పక్కామెతో గొణిగింది. పిల్లలు పెదాలు తుడుచుకున్నారు. మూడు ఊళ్ళ చర్చిలు చూసే పాస్టరు తన గిన్నె గటుక్కున మింగి, ఒకసారి జోయల్ వైపు చూసి, ప్రార్థనలోకి పోయాడు. ఒక్క మనిషి మాత్రం వెంటనే మింగలేదు. కళ్ళు మూసుకుని నోట్లోనే ఉంచుకున్నాడు. దవడ నెమ్మదిగా కదిలింది, గొంతు దిగింది, ముక్కుతో గాలి పీల్చుకున్నాడు. అచ్చం జోయల్ చేసినట్టే. జోయల్ గుండె సంతోషంతో కొట్టుకుంది. అప్పుడు ఆ మనిషి కళ్ళు తెరిచి పైకి చూశాడు. మునస్వామి.

ఆ వారంలోనే ధనశేఖర్ అంగడి ముందు మునస్వామి ట్రాక్టరు నిలబడింది.

తర్వాతి ఆదివారం కృపారాణి అక్క ఇంటికొచ్చి గడపలో కూలబడింది. "ఇనినావా బావా? తాగింది సాలక, బల్ల కాడ్నే మందు పోసినారని చెప్పుకోని తిరగతాండాడు. ప్రభువు మీదే ఏసినాడు పాపం. రసం రొంత పులిస్తే దానికి ఇట్లా మాట్లాడేదా?"

జోయల్ లోపలికి పోయి ఆమెకు చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

పాస్టరు పిలిపించి అడిగినా మునస్వామి అదే మాట అన్నాడు. తాగినందుకు క్షమించవచ్చు కానీ, ఈ అబద్ధానికి పశ్చాత్తాపపడేదాకా బల్ల దగ్గరికి రావద్దని పాస్టరు చెప్పాడు. జనవరి మొదటి ఆదివారం మునస్వామి రాలేదు. మొదటి వరసలో అతని చోట ఎవరూ కూర్చోలేదు. జోయల్ పళ్ళెం పట్టుకుని ఆ ఖాళీ ముందు నుంచి నడిచిపోయాడు. రూతు చేసిన రసం, తియ్యటిది.

ఆ వారం బియ్యం డబ్బా జరిపి ఊడుస్తూ రూతు ఖాళీ సీసా తీసి బయట పెట్టింది.

"వారానికి ఒక గ్లాసు దాటవు కదా నువ్వు. దీన్ని దాచిపెట్టింది పండక్కి. ఎప్పుడు తాగినావు?"

ఆమె అతని మొహంలోకి చూసింది. సీసా మూతి ముక్కు దగ్గర పెట్టుకుని, తీసేసింది.

"నా చెల్లెలి మొగుడు గదబ్బా వాడు," అంది. "నువ్వు పోయి చెప్తావా, నన్నే చెప్పమంటావా?"

"రేపు ఆదివారం..."

"ఎన్ని ఆదివారాలు?"

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక జోయల్ పాస్టరుకు చెప్పాడు. ఆయన మధ్యలో ఏమీ అడగకుండా విని, చేయి చాపి, గాజుగిన్నెలుండే బీరువా తాళంచెవి తీసుకున్నాడు. జోయల్ అక్కణ్ణుంచి కృపారాణి ఇంటికి నడిచాడు.

వాకిట్లో ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. మునస్వామి పందిరి కింద నులకమంచం మీద పడుకున్నాడు. గడ్డం మాసింది. నిలబడే చెప్పాడు జోయల్. తనే పోశానని, రసం కాదని, వైనేనని. కృపారాణి చేతిలో చేట ఆగింది.

"ఆ మాటకి ఆయన్ని చీపురు తీసుకోని కొట్టినాను బావా," అంది. "అబద్ధం చెప్తావా అని, బిడ్డల ముందర."

మునస్వామి లేచి కూర్చున్నాడు. మొహం ఒక్కసారిగా విప్పారింది. "ఇనినావా మే? నేను చెప్పలే? నాకు తెలీదా!" అని నవ్వాడు. మొదటి వరసలో కూర్చునే రోజుల్లోలాగే నవ్వాడు. తర్వాత ఒంటిమీద తువ్వాలు సర్దుకుంటూ అడిగాడు.

"ఏం పండుది అన్నా అది?"

"ద్రాక్షది."

"ద్రాక్ష కాదులే. నేరేడు. నోట్లో పడతానే నేరేడు పండు. మింగినాక ఈడ," గొంతు మీద వేలు పెట్టుకున్నాడు, "ఈడ మిరియం మాదిరి నిలబడింది. అది యాడా లేదన్నా. ధనశేఖర్ అంగట్లో ఉండేటివన్నీ తాగి చూసినా. ఒక్కదాంట్లో కూడా లేదు."

జోయల్ మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఇంకా ఉండాదా?"

"లేదప్పా. అయిపాయ."

"ఆ చిన్న గిన్నెలు? వాటిని కడిగేసినారా?"

"కడిగేసినాం."

కృపారాణి చేట పక్కన పెట్టి లేచింది. "ఇంగ నువ్వు పో బావా," అంది.