ఏడవలేదని చెప్పిన ఆయమ్మ

మా పాపను మూడో ఏట వన్ టౌన్ సందులోని ఒక చిన్న ప్లేస్కూల్లో వేశాను. అక్కడి ఆయమ్మకు ఒక అలవాటు ఉండేది. తల్లులు వచ్చే ముందు పిల్లలందరికీ ముఖాలు కడిగి, పౌడరు అద్ది, గుమ్మంలో వరసగా కూర్చోబెట్టేది. నన్ను చూడగానే, "నీ కూతురు బంగారమే! ఒక్కపాలి కూడా ఏడవనేదు" అనేది.

ఆ మాట నమ్మి నెల రోజులు హార్బరులో నిశ్చింతగా రొయ్యలు వొలిచాను. షెడ్డులో తోటివాళ్ల దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఒకరోజు సరుకు రాలేదని పదకొండింటికే వచ్చేశాను. పాప కిటికీ ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. గొంతు బొంగురుపోయింది. ఆయమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతోంది.

"రోజూ ఇంతేనేటి?" అన్నాను.

"ఏ పిల్లయినా మొదట్లో ఏడుత్తాదమ్మా. సెప్తే నువ్వు పన్లోకి ఎల్దువేటి?"

నిజమే, వెళ్లేదాన్ని కాదు. అబద్ధం అంతవరకే అయితే ఏనాడో మరిచిపోయేదాన్ని.

దారిలో పాపను అడిగాను. "నాకెందుకు సెప్పనేదే, అమ్మా?"

"సెప్తే నువ్వు పని మానేత్తావంట. మనకి అన్నం ఉండదంట. సెప్పొద్దంది ఆయమ్మ."

"బాగా ఆడుకున్నావా?" అని నేను రోజూ అడిగితే, నెలంతా నవ్వుతూ తలూపింది మూడేళ్ల పిల్ల. ఆయమ్మ నన్ను మోసం చేసింది సరే, నా బిడ్డ చేత కూడా చేయించింది.

మర్నాడు ఆయమ్మ ఎదుటే పాపను దగ్గరికి తీసుకుని చెప్పాను.

"ఏడుపొత్తే ఏడు. ఏడిసేనని నాతో సెప్పు. అన్నం ఎక్కడికీ పోదు."