కాదనలేని ముర్తినా

జావాలోని క్లాతెన్ బజారు చివర ముద్రణ అంగడి నడిపే ముర్తినా ఎవరికీ కాదని చెప్పదు. అమ్మా అనడానికి అక్కడ అందరూ ఆమెను 'బు' అంటారు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏది అడిగినా సరేనంటుంది. కొత్త సిస్టమ్ వేసుకోమని కంప్యూటర్ పది రోజులుగా అడుగుతుంటే, అంతగా అడిగించుకోవడం మర్యాద కాదని నిన్న దానికీ సరేనంది. తెల్లారేసరికి అది ఆమె పదహారేళ్ళ ప్రింటర్‌ని గుర్తుపట్టడం మానేసింది. దర్సోనో భార్య పోయి ఇవాళ్టికి నలభయ్యో రోజు. సాయంత్రం ప్రార్థనకు వచ్చేవాళ్ళందరికీ ఆవిడ ఫొటో ఉన్న ప్రార్థన పుస్తకం చేతికివ్వాలి; వాటిని అచ్చువేసిస్తానని ముర్తినా ఎప్పుడో ఒప్పుకుంది. ఆ రోజును వాయిదా వెయ్యరు. ముర్తినా తీగ పీకి మళ్ళీ పెట్టింది. తలగుడ్డ అంచుతో ప్రింటర్‌ని తుడిచి, "ఈ ఒక్క పూటకీ తల్లీ" అని బతిమాలింది. "పరికరం తెలియదు" అంది తెర. కంప్యూటర్లు బాగుచేసే గియోనో వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఈ ప్రింటర్ చేసే కంపెనీయే మూతపడింది, బు. పాత సిస్టమ్ మళ్ళీ ఎక్కించాలంటే రెండ్రోజులు. అసలెందుకు ఒప్పుకున్నారు?"

"అన్నిసార్లు అడిగింది, పాపం."

"అది కంప్యూటర్, బు, వియ్యపురాలు కాదు!"

పక్క వీధి ముద్రణ అంగడివాళ్ళని అడిగితే రేపు రమ్మన్నారు. మూడింటికి దర్సోనో ఇస్త్రీ చొక్కాతో, ఖాళీ సంచితో వచ్చాడు.

"అయిపోయాయా, బు?"

ముర్తినా లేచి నిలబడింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"అవలేదండీ. ఇవాళ అవ్వవు."

దర్సోనో నవ్వాడు. ఆమె కాదనడం అతను ఎన్నడూ వినలేదు; వేళాకోళమనుకున్నాడు. "పర్లేదు, నెమ్మదిగా కానివ్వండి" అని బెంచీ మీద కూర్చుని, సంచి మడత విప్పి మోకాళ్ళ మీద పరుచుకున్నాడు.