రెన్యువల్‌కి ఆగని తివాచీ

ఒమాన్‌లోని బహ్లాలో తొమ్మిదేళ్ళుగా మేం కాపురం చేస్తున్న ఇంటి హాల్లో ఏమేం ఉన్నాయో ముందు చెప్పాలి. లేకపోతే ఒక్క తివాచీ కోసం మూడు టాక్సీలు మారి, దాదాపు రెండు వందల కిలోమీటర్లు ఎందుకు వెళ్ళామో మీకు అర్థం కాదు.

ఒక సోఫా ఉంది. ఒక మలయాళీ కుటుంబం ఒమాన్ వదిలి వెళ్తూ మాకిచ్చింది. వాళ్ళకి అంతకుముందు ఒక తమిళ కుటుంబం వెళ్తూ ఇచ్చిందట. అంతకు వెనకటి చరిత్ర దొరకదు. దాని మీద ఎవరు కూర్చున్నా మధ్యలోకి జారిపోతారు కాబట్టి అతిథుల మధ్య సాన్నిహిత్యం దానంతటదే ఏర్పడుతుంది. కర్టెన్లు వేరే ఎవరి కిటికీలకో కుట్టించినవి, మా కిటికీలకు జానెడు తక్కువ. టీవీ దాని సొంత అట్టపెట్టె మీదే ఉంటుంది.

కాకినాడలో మాకో ఫ్లాట్ ఉంది. అందులో టేకు డైనింగ్ టేబులు, గాజు తలుపుల బీరువా, దుప్పట్లు కప్పుకున్న కొత్త సోఫాలు ఉన్నాయి. మనుషుల్లేని ఇంట్లో ఫర్నిచర్, మనుషులున్న ఇంట్లో అట్టపెట్టెలు. ఇది మా ఒక్కరి వింతేమీ కాదు. ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళు చాలావరకు ఇలాగే ఉంటాయి. మావారు ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెబుతారు. రెండేళ్ళకోసారి ఆయన కాంట్రాక్టు రెన్యువల్‌కి వస్తుంది. అంతకుముందు ఏది కొందామన్నా "రెన్యువల్ కానీ, చూద్దాం" అంటారు. అయ్యాక అడిగితే "ఇంకో రెండేళ్ళేగా" అంటారు. ఈ రెండు వాక్యాల మధ్యే మా తొమ్మిదేళ్ళూ గడిచాయి.

ఈసారి రెన్యువల్ ఉత్తరం జనవరి సెలవుల చివరి వారంలో రావాలి. సరిగ్గా ఆ వారమే ప్రయాణం పెట్టాను. ఉత్తరం వచ్చాక కొంటే అది ఆ ఉత్తరం కొన్నట్టు అవుతుంది గానీ నేను కొన్నట్టు కాదు. చేతిలో నా ట్యూషన్ల డబ్బు అరవై ఐదు రియాళ్ళు, మన రూపాయల్లో పద్నాలుగు వేల దాకా, ఉన్నాయి. నిజ్వాలో ఒక షాపువాడు మిషన్ మీద నేసిన తివాచీకి నలభై ఐదు చెప్పాడు. తిరగేసి చూస్తే వెనకంతా జిగురే. నా దగ్గర చదివే పిల్ల వాళ్ళమ్మ మాత్రం "అసలైనది కావాలంటే ఇబ్రా వెళ్ళు. బుధవారం ఆడవాళ్ళ బజారు ఉంటుంది, నేసినవాళ్ళే కూర్చుని అమ్ముతారు" అంది. ఆ బజారులోకి మగవాళ్ళని రానివ్వరు. కొనేదీ అమ్మేదీ ఆడవాళ్ళే. ఇది వినగానే నా నిర్ణయం గట్టిపడింది. మావారు కూడా వస్తానన్నారు. నన్ను ఆపడానికి దారి పొడవునా అవకాశాలు దొరుకుతాయని ఆయన ఆశ.

బుధవారం ఉదయం 5:40కి బహ్లాలో షేర్ టాక్సీ ఎక్కాం. నిజ్వాకి మనిషికి ఒక రియాలు. 6:20కి దిగి, టాక్సీ స్టాండు పక్కన మలయాళీ చాయ్ కొట్లో పరోటా, గుడ్డు తిన్నాం. నిజ్వా నుంచి సినావ్‌కి టాక్సీ నలుగురూ నిండితేగానీ కదలదు. ఏడింటికి నిండింది. మనిషికి రెండున్నర. నిండే లోపల మావారు ఫోనులో మెయిలు ఐదుసార్లు చూసుకున్నారు. ఆయన వయసు యాభై ఒకటి. ఈ వయసులో కొత్త స్కూలు దొరకడం ఎలాంటిదో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అందుకని ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఒమాన్‌లో దాని గురించి మాట్లాడటానికి పెద్దగా ఏమీ ఉండదు.

సినావ్ చేరేసరికి 8:15. అక్కడ ఇబ్రా టాక్సీలో మా పక్కన మల్లేశ్ అనే ముప్పై ఏళ్ళ అబ్బాయి కూర్చున్నాడు. ఊరు జగిత్యాల దగ్గర. ఇబ్రాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైల్స్ వేసే మేస్త్రీ. నా చేతిలో ముడులు వేసిన దారం చూసి అడిగాడు.

"గా దారమేందక్కా?"

మా హాలు కొలత అని చెప్పాను. ఒక ముడి పొడవుకి, ఇంకోటి వెడల్పుకి. తివాచీ కొనడానికి వెళ్తున్నామన్నాను.

"గొంగడి కోసం బహ్లా కెల్లి వచ్చిన్రా!" అని మావారి వైపు జాలిగా చూశాడు. "మేము ఎండల మోకాళ్ళ మీద కూసొని మంచిగ టైల్స్ ఏస్తం. మీరేమో వాటి మీద బొంతలు పరుస్తరు. ఇగ మేము ఏసుడెందుకు?"

"మీ రూమ్‌లో ఏం పరుచుకుంటారు?" అన్నాను.

"నేనా? సైట్‌ల మిగిలిన ముక్కలు తెచ్చి నా మంచం కాడ డిజైన్ ఏసిన. నీలం, తెలుపు. క్యాంప్ బాసు చూసి ఒర్లిండు, రూమ్ కంపెనీది, ఎవలను అడిగి ఏసినవ్ అని. రూమ్ కంపెనీదే సార్, కాళ్ళు నాయి గదా అన్న."

"మరి తీసేయించాడా?" అని మావారు ఆత్రంగా అడిగారు.

"యాడ తీస్తడు సార్? గిప్పుడు ఆయన రూమ్‌ల గూడ ఎయ్యమంటుండు."

మావారు కిటికీలోంచి బయటికి చూడసాగారు. ఈ ప్రయాణంలో ఆయన వైపు మాట్లాడేవాళ్ళు దొరకడం కష్టంగానే ఉంది.

ఇబ్రాలో 9:10కి దిగాం. బజారు గేటు దగ్గర నీడలో అప్పటికే నలుగురైదుగురు భర్తలు నిలబడి ఉన్నారు. మావారు వాళ్ళలో కలిసిపోయారు. పదింటికి కంపెనీ వ్యాన్ అక్కడికే వస్తుందని మల్లేశ్ కూడా ఆగాడు.

లోపల గుడ్డలు, అత్తర్లు, సాంబ్రాణి, కాటుక, పిల్లల గౌన్ల మీద కుట్టే జరీ పట్టీలు. ఎక్కడా తొందర లేదు. ఎవరి వెనకా టైమ్ చూసుకుంటూ నిలబడ్డ భర్త కనబడడు. చివరి వరుసలో ముఖానికి నల్లటి ముసుగు, చేతులకి గోరింటాకుతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఉమ్ ఖల్ఫాన్, అంటే ఖల్ఫాన్ తల్లి; ఆ పేరు చెబితే అందరికీ తెలుసట. ముందు ఐదు తివాచీలు చుట్టి పెట్టి ఉన్నాయి. నా అరబిక్ తొమ్మిదేళ్ళలో కూరగాయలు, కరెంటు బిల్లు, పిల్లల మార్కుల దాకా వచ్చింది. తివాచీకి అది చాలింది.

మీరు వెళ్తే గమనించడానికి కొన్ని సంగతులు. తిరగేసి చూడండి. చేత్తో నేసినదైతే వెనకవైపు కూడా గీతలు అంతే స్పష్టంగా ఉంటాయి. తడి రుమాలుతో ఎరుపు మీద రుద్దండి, రంగు అంటకూడదు. వాసన చూడండి, కాస్త గొర్రె వాసన రావాలి. అసలు రాకపోతే గొర్రెకి దానితో సంబంధం లేదని అర్థం. నేను ఇవన్నీ చేస్తుంటే ఆవిడ పరీక్ష రాసే పిల్లని చూసినట్టు చూస్తూ కూర్చుంది.

మూడోది నచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు చారలు, అంచుల్లో చిన్న త్రికోణాలు. నా దారం దాని మీద పరిస్తే వెడల్పు సగం కూడా రాలేదు. ఇంకా వెడల్పుది లేదా అన్నాను. ఆవిడ నవ్వి రెండు చేతులూ చాపింది. నేల మీద మేకులు కొట్టి, దారాలు లాగి కట్టి, పక్కన కూర్చుని నేస్తుంది. చెయ్యి ఎంత దూరం వెళ్తే అంత వెడల్పు. అంతకంటే కావాలంటే రెండు పట్టీలు నేసి మధ్యలో కుట్టాలి. ఈ తివాచీ మధ్యలోనూ ఆ కుట్టు ఉంది.

"నీ హాలు నా చేతికంటే పెద్దదైతే నేనేం చెయ్యను?" అంది.

యాభై ఐదు రియాళ్ళు చెప్పింది. నలభై అన్నాను. యాభైకి దిగింది. నేను నలభై రెండు దగ్గర ఉండగా ఫోన్ మోగింది. మావారు.

"వసుధా, కొన్నావా?"

"బేరంలో ఉన్నానండీ."

"ఆపెయ్. ఉత్తరం వచ్చింది."

"ఏమని?"

గేటు దగ్గర వాహనాల హారన్ల మధ్య ఆయన నెమ్మదిగా చెప్పారు. "రెన్యూ చెయ్యట్లేదు. జూన్ దాకే. నా పోస్టులోకి ఇక్కడివాళ్ళనే తీసుకుంటారట. మూడుసార్లు చదివాను." వెంటనే గొంతు తగ్గించారు. "నన్ను లోపలికి రానివ్వరు కదా. నువ్వే బయటికి రా. ఏదీ కొనకుండా రా, నీకు పుణ్యముంటుంది."

ఫోను పెట్టేసి ఆ తివాచీ మీదే కూర్చుండిపోయాను. నిలబడి ఉండటానికి కారణమేమీ తోచలేదు. ఆవిడ ఏమైందని అడిగింది. మావారి ఉద్యోగం అయిపోయిందనీ, ఐదు నెలల్లో ఇండియా వెళ్ళిపోతామనీ చెప్పాను. ఈ మాటకి ధర కొంచెం తగ్గుతుందేమోనన్న ఆలోచన కూడా వచ్చిందని ఒప్పుకుంటున్నాను. కష్టకాలంలో మనసు ఎటు పోతుందో చెప్పలేం.

"వెళ్ళిపోయేవాళ్ళైతే ఇదే కొనాలి" అంది ఆవిడ. "మా అమ్మ ఎడారి ఇసుకలో ఎన్ని చోట్ల కాపురం చేసిందో లెక్క లేదు. ఎక్కడ దిగినా ముందు దీన్నే పరిచేది. పరిచాక అది ఇల్లు. ఒంటె మీద సోఫా ఎక్కించడం ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"నేనూ చూడలేదు."

నేను కింద కూర్చుని ఆ కుట్టు మీద చెయ్యి పెట్టి ఆలోచించాను. వెళ్ళిపోతాం కాబట్టి కొనకూడదని తొమ్మిదేళ్ళు నమ్మాం. వెళ్ళిపోయేవాళ్ళ కోసమే నేసిన వస్తువు ఈ దేశంలో మొదటినుంచీ ఉంది. దాన్ని చూడకుండా మేం ఇంకెవరో వెళ్ళిపోతూ వదిలేసిన సోఫాలో జారుతూ కూర్చున్నాం. ఈ ఐదు నెలలు కూడా అట్టపెట్టెల మధ్యే గడిపితే ఆ స్కూలు మా ఉద్యోగంతో పాటు ఇంటిని కూడా తీసుకున్నట్టే. ఉద్యోగం వాళ్ళది, తీసుకోనీ. నా హాలు నేల గురించి ఆ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు కదా.

"నలభై ఐదు" అన్నాను.

"ఐదు నెలలు వాడినా యాభైయే, యాభై ఏళ్ళు వాడినా యాభైయే."

యాభై ఇచ్చాను. ఆవిడ ఒక ఊలు తాడు వేసి కట్టి, తాడు ఉచితం అంది.

బయటికొస్తే నా భుజం మీది చుట్ట చూసి మావారి ముఖం పాలిపోయింది. "చెప్పాను కదా వసుధా, వద్దని చెప్పాను కదా! విన్నావు కూడా!"

"విన్నాను. విన్నాకే కొన్నాను."

"ఐదు నెలల కోసం యాభై రియాళ్ళా?"

"తొమ్మిదేళ్ళకండీ. ఆలస్యంగా కట్టాం, అంతే."

మల్లేశ్ మా ఇద్దరి మధ్యా దూరి చుట్ట అందుకున్నాడు. "ఇటియ్యక్కా. సార్, కొన్నరు, ఇగ అయిపాయె." వేళ్ళతో ఊలు నలిపి చూశాడు. "అచ్చం మా ఊళ్ళె గొర్లు కాసే కుర్మోల్లు నేసిన గొంగడే. వాళ్ళు గూడ రెండు పట్టీలు గిట్లనే కుడ్తరు." ఇంతలో వ్యాన్ హారన్ వినబడింది. చుట్టని మావారి చేతుల్లో పెట్టి, "సార్, ఫికర్ చెయ్యకున్రి. నన్ను గూడ రెండుసార్లు ఖలాస్ అన్నరు, మూడోసారి మళ్ళొచ్చిన" అని పరుగెత్తాడు. ఆయన చేతుల్లో ఏడు కిలోల తివాచీ ఉంది. దింపడానికి శుభ్రమైన చోటు లేక మోస్తూనే నడిచారు.

11:15కి ఒక మలయాళీ హోటల్లో భోజనం చేశాం. చేప వేపుడుతో రియాలున్నర. మావారు చేప ముట్టుకోలేదు. రెండూ నేనే తిన్నాను. 12:30కి సినావ్ టాక్సీ. డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉందని తివాచీని మా ఒళ్ళోనే పెట్టుకోమన్నాడు డ్రైవరు. గంటసేపు ఇద్దరి మోకాళ్ళ మీదా అది అడ్డంగా పడుకుంది. ఒక మలుపు దగ్గర అది జారబోతే మావారే పట్టుకున్నారు, అదీ రెండు చేతులతో.

సినావ్‌లో దిగితే నిజ్వా టాక్సీకి మేం కాక ఇంకా ఇద్దరు తక్కువ. తివాచీని మనిషి కింద లెక్కెయ్యరట. స్టాండులో బెంచీ లేదు. జనవరి ఎండ హాయిగానే ఉంది గానీ, మావారు అరగంట నిలబడే ఉన్నారు, కోపంగా ఉన్నవాళ్ళు కూర్చోకూడదన్నట్టు. ఆ తర్వాత ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారసాగారు.

నేను తాడు విప్పి, గోడ నీడన కంకర మీద తివాచీ పరిచి కూర్చున్నాను. ఎర్రటి చారలు ఆ మట్టి రంగు స్టాండులో ఎవరిదో పెళ్ళి ఉన్నట్టు మెరిశాయి. ఇద్దరు పాకిస్తానీ డ్రైవర్లు తలతిప్పి చూశారు. ఒక ముసలాయన దాటి వెళ్తూ తివాచీకే సలాం చెప్పినట్టు తల ఊపాడు.

మావారు కాసేపు నన్ను చూశారు, కాసేపు రోడ్డు చూశారు. చివరికి వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టారు. మేజోళ్ళు కూడా తీసి బూట్లలో కుక్కి, అంచున వరసగా పెట్టి, వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అరచేత్తో ఊలు ఒకసారి నిమిరారు.

"గుచ్చుకుంటోంది" అన్నారు.

"వాడగా వాడగా మెత్తబడుతుందట."

"ఎన్నాళ్ళకి?"

"ఐదారు నెలలు పట్టచ్చు."

ఆయన నవ్వారు. పెద్ద నవ్వు కాదు, కానీ ఆ రోజుకి మొదటిది. తర్వాత స్కూలు గురించి, జూన్ గురించి, కాకినాడలో అడగదగ్గ కాలేజీల గురించి మాట్లాడుకున్నాం. భయంగానే ఉంది. కాకపోతే తొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఎవరూ మధ్యలోకి జారకుండా, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నాం.

మీలో ఎవరైనా ఇబ్రా వెళ్తానంటే బుధవారమే వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి. హాలు కొలత ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి. రెన్యువల్ కోసం మాత్రం ఆగకండి.

రెండుంపావుకి డ్రైవరు "నిజ్వా! నిజ్వా! ఇద్దరే, ఇద్దరే!" అని మా వైపే చేతులూపుతూ అరిచాడు. నేను లేవబోయాను. మావారు కదల్లేదు. తొమ్మిదేళ్ళుగా ఏ బస్సుకైనా అరగంట ముందే నిలబడే మనిషి, పాదాలు ముందుకు చాపుకుని, "తర్వాతి దాంట్లో వెళ్దాంలే" అన్నారు.

ఆ తర్వాతి టాక్సీ ఎన్నింటికి వచ్చిందని మాత్రం అడక్కండి. మేమిద్దరం టైము చూసుకోలేదు.