వంగమళ్లలో ఉప్పునీళ్లు

“ఈ ఉప్పునీళ్లు నీ రొయ్యల చెరువులోంచే ఊరుతున్నాయయ్యా పెద్దిరాజూ!”

“నేలకి ఊట పుడితే నన్నంటావేంటి పిన్నీ? ఆ వంకాయల దొడ్డి నాకమ్మెయ్, రెండో చెరువు తవ్విస్తా,” అంటూ చెరువు గట్టు మీంచి నవ్వాడతను.

కరుణమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని మళ్ల పక్కన నీళ్లు పారే బోదెలోకి దిగింది. రోజూ పొద్దున్నే అక్కడి నీళ్లు నాలిక్కి తాకించి ఉమ్మేయడం ఆమెకు అలవాటైపోయింది. ఒకప్పుడు బంటుమిల్లి బజారులో గంప దించకముందే ఆమె వంకాయలు అమ్ముడుపోయేవి. మళ్లలో నిలిచిన నీరు లాగేస్తుందని మొన్న ఆ బోదెను తనే లోతుగా తవ్వుకుంది. చెరువు మట్టం దొడ్డికన్నా ఎత్తు కావడంతో ఆ లోతులోకి ఊట ఇంకా ఎక్కువైంది. ఇవాళ ఒక మొక్కను పట్టి లాగితే నల్లగా కుళ్లిన వేరు ఊడొచ్చింది. దాన్ని వాసన చూసి పారేసి, బురద చేతులు చీరకే తుడుచుకుని, ఆమె గట్టు వైపు తలెత్తింది.

“దొడ్డి అమ్మను గానీ పెద్దిరాజూ, నీ రొయ్యలకి మేతేసే పని నాకిస్తావా?”