దిండు కింది బిళ్ళ

గల్ఫ్‌లో, బిర్కత్ అల్ అవామిర్ కార్మికుల క్యాంపులో నా పక్క మంచం అతనిది. నిజామాబాద్ మనిషి. గ్యాస్ పైపుల అతుకులను గామా కిరణాలతో ఫోటో తీయడం అతని పని. ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలవడానికి కంపెనీ ఒక బిళ్ళ ఇచ్చింది. డ్యూటీకి పోయేముందు రోజూ దాన్ని తీసి దిండు కింద పెట్టి, పసివాణ్ణి జోకొట్టినట్టు తట్టేవాడు.

"రీడింగ్ పెరిగితే పని ఆపేస్తరు చాచా. యల్లా, పోయొస్త."

నాకు ఒళ్ళు మండేది. పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్న నాలుగు ముక్కలూ ఒకరోజు చెప్పాను.

"డీఎన్‌ఏను కట్టిన ఇటుకల్లోంచి ఆ కిరణం ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుందయ్యా. అలా జత తెగి మిగిలినదాన్ని ఫ్రీ రాడికల్ అంటారు. అది ఊరుకోదు, పక్కదాన్నీ చెడగొడుతుంది. బిళ్ళను దాచావు, ఒంటిని ఎక్కడ దాస్తావు?"

అతను నవ్వి, దిండు సర్ది డ్యూటీకి పోయాడు. ఆ నెల అతని తక్కువ రీడింగ్ చూసి, జాగ్రత్త తెలిసిన మనిషివని సేఫ్టీ ఆఫీసరు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

సెలవుకు పోయొచ్చిన కొన్నాళ్ళకు, భార్య నీళ్ళోసుకుందని ఇంటినుంచి ఫోన్ వచ్చింది. మర్నాడు బిళ్ళను చొక్కాకు తగిలించుకున్నాడు.

"పుట్టెటోని కోసమన్న నిజం తెల్వాలె గద చాచా."

నెలాఖరుకు రీడింగ్ పెరిగింది. జాగ్రత్త తెలియని మనిషివని అదే ఆఫీసరు అతన్ని పని మాన్పించాడు. నేనెరిగినంతలో అతను జాగ్రత్తపడింది ఆ ఒక్క నెలే.