అస్తరు వేసిన గోడ

రోడ్డు వెడల్పు చేస్తారని కర్నూలు పాతబస్తీలో మా వీధిలోని పాత మిద్దె మీద కూల్చివేతకు ఎర్ర గీత పడింది. ఆ మిద్దె నవాబుల కాలం నాటిదని అందరూ చెప్పేవాళ్లే, దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. దాని ముందు గదిలో నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న దర్జీ మామ మాత్రం, "పడేలోపల కొలతలు తీసుకోవల్ల, అట్టతో ఇట్లాంటిదే చిన్నది చేసి పెట్టుకుంటా" అన్నాడు. అదేదో పెళ్లికొడుకైనట్టు.

సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి కదా, నేనే చేస్తానని దూకాను. గదులన్నీ లోపలి నుంచి కొలిచి, అట్టలు కోసి అంటించాను. తీరా బయటి పొడవుతో పోల్చి చూస్తే మూడు గదుల వరసలో పది అడుగులు తగ్గాయి.

మామ కళ్లద్దాలు పైకి తోశాడు.

"ఏమప్పా ఇంజనీరూ, గోడలు యాడ పోయినాయి?"

"ఇవే కదా మామా."

"ఇది గోడనా? శుభలేఖ. ఆ గోడ రెండున్నర అడుగుల మందం ఉండాది. ఎండాకాలం ఫ్యాను లేకుండా కుట్టినానంటే నీ అట్ట వల్లనా?"

నా డిప్లొమా కత్తెర కింద పెట్టింది.

కత్తెర ఆయనే తీసుకున్నాడు. ఒక్కో గోడకు రెండు అట్టలు కోసి, నడుమ గుడ్డపేలికలు కూరాడు, కోటు లోపల అస్తరు వేసినంత శ్రద్ధగా. మూలల్లో కుట్టుకు వదిలినట్టు అంచు వదిలాడు. తలుపు మీది చెక్కపువ్వును గోరంత కాగితంలో కోస్తుంటే నేను జోకు వేయడం మర్చిపోయాను. మా ఇంట్లో అది వార్త.

తేరుకుని అడిగాను. "గోడంతా రాయే కదా మామా, పేలికలెందుకు?"

"బయట రాయి, లోపక్క రాయి, నడుమ మట్టి. అస్తరు లేకుండా కోటు నిలబడతాదా?"

"గోడ కట్టింది దర్జీలు కాదు."

"చూస్తాం లే."

ఒక గోడ చివర మాత్రం అంటించకుండా వదిలేశాడు. తప్పయితే విప్పి మళ్లీ చేస్తాడట.

సోమవారం జేసీబీ వచ్చింది. వీధంతా ఫోన్లు పైకెత్తింది. మామ అట్ట మిద్దెను చంకలో పెట్టుకుని దుమ్ములోకి నడిచాడు. ముందు గది గోడ చీలింది. అటు రాయి, ఇటు రాయి, నడుమ మట్టి, రాతిముక్కలు.

ఆయన ఆ గోడలోకి చూశాడు, తన గోడలోకి చూసుకున్నాడు.

"సరిపోయింది" అన్నాడు, చొక్కా తొడిగి చూసిన గిరాకీతో అనే గొంతుతోనే. జేబులోంచి జిగురు తీసి, ఆ దుమ్ములోనే నిలబడి, వదిలిన చివరను అంటించాడు.