పక్కనుంచి చూసిన శని

తమిళనాడులోని రాజపాళయంలో నేను దిగిన ఇంటి మేడ మీద, దీపాలు పెట్టే వేళకు నా చిన్న టెలిస్కోపు బిగించాను. దానికో కంప్యూటరు ఉంది. గ్రహం పేరు నొక్కితే చాలు, సన్నగా గుయ్యిమంటూ తిరిగి దాని దగ్గరే ఆగుతుంది. ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చిన ఇంటావిడ రంగమ్మగారు అరవం కలిసిన తమ తెలుగులో అడిగారు.

"ఏమి చూస్తా ఉండావు తంబీ?"

"శనినమ్మా. మీరూ రండి."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. "అయ్యో, వద్దు! మా ఇంటాయనకు ఏళరై నడుస్తా ఉంది." ఏళరై అంటే మన ఏలినాటి శనే. "శనివారం శనివారం కోయిల్లో నువ్వుల దీపం పెడతాను. అదీ పక్కన నిలబడే. ఆ సామికి ఎదురుగా నిలబడకూడదు."

అంటూనే ఆవిడ టెలిస్కోపు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. గొట్టం శని వైపు ఉంది, కన్ను పెట్టే అద్దం మాత్రం గొట్టానికి పక్కన ఉంది.

"ఇక్కడినుంచా చూసేది? పక్కనుంచా?"

"అవునమ్మా. దీంట్లో పక్కనుంచే చూడాలి."

"అట్లయితే సరి. ఇది చేసినవాడు మురై, పద్ధతి తెలిసినవాడే."

చెప్పులు విడిచి, కొంగు భుజం నిండా కప్పుకొని వంగారు. వలయం కనబడిందా అని అడిగాను.

"ఎంత అళగుగా, ఎంత అందంగా ఉండాడు తంబీ! ఇన్నేండ్లు మొగమే చూడకుండా భయపడినానే."

తర్వాత మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి కేకేశారు.

"ఏమండీ, పైకి రాండి! మీ సామి వచ్చినాడు. పక్కన నిలబడి చూడొచ్చు."